ఆంగ్ల పూర్వభూతం – తెలుగు వ్యాకరణ దృష్టి: పశ్చిమ ప్రకాశం వాడుక ఆధారంగా చారిత్రక పరిశీలన

గతంలో జరిగిన ఒక పనికంటే ముందే ముగిసిన మరొక పనిని చెప్పడానికి ఆంగ్లంలో ‘హ్యాడ్’తో ఏర్పడే క్రియారూపం ఉంది. బడి వ్యాకరణాలు దానిని పాస్ట్ పర్ఫెక్ట్ అంటాయి. ఆ ముందటి పని కొంతకాలంగా సాగుతూ ఉండిందని చెప్పవలసివస్తే ‘హ్యాడ్ బీన్’ చేర్చి పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ వాడతారు. ఈ వ్యాసంలో మొదటిదానిని పూర్వభూతమని, రెండవదానిని అనుస్యూత పూర్వభూతమని వ్యవహరిస్తున్నాను. ఇవి కేవలం సౌలభ్యం కోసం పెట్టుకున్న పేర్లు. తెలుగులో ఈ రెంటికీ సమానమైన రూపాలు లేవనీ, ‘అప్పటికే’ వంటి అవ్యయాన్ని చేర్చి మామూలు భూతకాలంతోనే సరిపెట్టుకోవలసి ఉంటుందనీ తెలుగు మాధ్యమపు తరగతి గదుల్లో చాలాకాలంగా చెబుతున్నారు. ఈ అభిప్రాయం ఎక్కడినుంచి వచ్చింది, ఏ తెలుగును ఆధారం చేసుకొని ఏర్పడింది, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు వాడుక ముందు అది నిలుస్తుందా అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు ఒక అనుభవం నుంచి పుట్టాయి. గిద్దలూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమంలో చదువుకునే రోజుల్లో ఈ వ్యాసకర్త తెలుగు వ్యాసరచనలో ‘నేను నిన్న వచ్చింటి’ అని రాస్తే ఉపాధ్యాయులు ఎర్రసిరాతో కొట్టివేసి ‘వచ్చాను’ అని దిద్దారు. అదే ఏడాది ఆంగ్లంలో ‘ఐ హ్యాడ్ కమ్ యెస్టర్డే’ అని రాస్తే ‘హ్యాడ్’ను కొట్టివేసి ‘కేమ్’ అని దిద్దారు. రెండుచోట్లా కొట్టివేతకు గురైన అర్థం ఒకటే. ఆ సంగతి దిద్దినవారికీ తెలియదు, రాసినవాడికీ తెలియదు. తెలుగు ఉపాధ్యాయునికి అది మాండలిక దోషం, ఆంగ్ల ఉపాధ్యాయునికి కాలదోషం.

పన్నెండు గళ్ళ పట్టిక

నేడు ఆంగ్ల బోధనలో కాలాలు పన్నెండు అన్నది ప్రశ్నించనవసరం లేని విషయంగా కనిపిస్తుంది. వర్తమాన, భూత, భవిష్యత్తులు మూడు, ఒక్కొక్కదానికి నాలుగేసి రూపాలు, మొత్తం పన్నెండు గళ్ళు. ఈ పట్టిక అంత పాతది కాదు. 1795లో వెలువడి, ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు ఆంగ్లం మాట్లాడే దేశాలన్నిటా బడి పుస్తకంగా చెలామణి అయిన లిండ్లీ మరే వ్యాకరణంలో కాలాలు ఆరే. లాటిన్ సంప్రదాయాన్ని అనుసరించి ఆయన పూర్వభూతాన్ని ‘ప్లూపర్ఫెక్ట్’ అన్నాడు. సాగుతున్న పనిని చెప్పే రూపాలకు అందులో ప్రత్యేక కాలంగా స్థానం లేదు. అనుస్యూత పూర్వభూతం భాషలో లేక కాదు, పట్టికలో దానికి గది కట్టలేదు. నాలుగు రూపాల వర్గీకరణ భారతదేశపు బడుల్లో వేళ్ళూనుకున్నది 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో నెస్‌ఫీల్డ్ వ్యాకరణ పుస్తకాలతో, ఆ తరువాత 1930ల నడిమి కాలంలో వచ్చిన రెన్, మార్టిన్‌ల పుస్తకంతో. మన విద్యార్థులు కంఠస్థం చేసిన పన్నెండు కాలాలు ఈ రెండవ దశకు చెందినవి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, తెలుగుకు మొదట ఆంగ్లంలో వ్యాకరణాలు రాసినవారు మరే తరానికి చెందిన చదువుతో వచ్చినవారు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపురంలోను, ఎ.డి. కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో మద్రాసులోను అచ్చయ్యాయి. సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చి, 1857లో పునర్ముద్రణ పొందింది. ఆర్డెన్ పుస్తకం 1873 నాటిది. వీరందరి పాఠకుడు తెలుగు నేర్చుకోవలసిన తెల్ల ఉద్యోగి లేదా మిషనరీ. కనుక అతడు తన భాషలో ఎరిగిన కాలాల పేర్లను తెలుగు రూపాలకు తగిలించి చూపడం వారికి సహజమైన పద్ధతి. మన తద్ధర్మ క్రియకు బ్రౌన్ గ్రీకు వ్యాకరణంలోని ‘అయరిస్ట్’ అనే పేరు పెట్టడం ఇందుకు మంచి ఉదాహరణ.

తెలుగు వ్యాకర్తల దారి వేరు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియను వర్తమాన, భూత, భవిష్యత్, తద్ధర్మార్థకాలుగా విభజించింది. సంస్కృతంలో భూతకాలానికే లుఙ్, లఙ్, లిట్ అని మూడు లకారాలున్నా, వాటి భేదం పని ఈనాటిదా కాదా, వక్త చూసినదా కాదా అన్న అంశాలపై ఆధారపడింది. రెండు భూతక్రియల నడుమ ముందు వెనుకల సంబంధాన్ని చెప్పడం వాటి ప్రధాన ప్రయోజనం కాదు. అందుచేత సంస్కృతం నుంచి చూసినా పూర్వభూతం ఒక ప్రత్యేక వర్గంగా మన వ్యాకర్తల దృష్టికి రావలసిన అవసరం కలగలేదు. తెలుగులో ఆ పనిని క్త్వార్థకం చేస్తుందని వారెరుగుదురు. ‘వచ్చి పోయెను’ అన్నప్పుడు రాక ముందు, పోక వెనుక అన్నది క్త్వార్థకపు ఇకారంలోనే ఉంది.

అయితే క్త్వార్థకానికి ‘ఉండు’ ధాతువు చేరితే పరిస్థితి మారుతుంది. ‘వచ్చియుంటిని’, ‘వచ్చియుండెను’ అన్న రూపాల్లో రెండు పనులు లేవు. వచ్చుట ముగిసింది, ఆ ముగిసిన స్థితి గతంలో ఒక సమయాన నెలకొని ఉంది. ఇది అచ్చంగా పూర్వభూతమే. కావ్యభాషలో ఈ సంయోగం ఉంది. వ్యాకర్తలు దానిని రెండు పదాల కూర్పుగానే చూశారు తప్ప ఒక క్రియారూపంగా గుర్తించలేదు.

సంధి లేని చోట జరిగిన సంధి

ఇక్కడ బాలవ్యాకరణంలోని ఒక చిన్న నియమం అనుకోని పాత్ర వహించింది. సంధి పరిచ్ఛేదంలో సూరి క్త్వార్థకమైన ఇకారానికి సంధిని నిషేధించాడు. కనుక ‘వచ్చి + ఉంటిని’ అన్నది యడాగమంతో ‘వచ్చియుంటిని’ కావలసిందే. మరో రూపం వ్యాకరణ విరుద్ధం. రెండు పదాల మధ్య ఆ యకారం నిలిచి ఉన్నంతవరకు అవి కలిసి ఒక క్రియగా కనిపించవు.

వాడుకలో ఆ యకారం నిలవలేదు. అది పోయిన తీరు ప్రాంతాన్ని బట్టి మారింది. కోస్తా జిల్లాల వ్యవహారంలో ‘వచ్చి ఉంటే’ అన్నది ‘వచ్చుంటే’ అవుతుంది. ఇందులో పూర్వస్వరం పోయి పరస్వరం మిగిలింది. సూరి నిషేధాన్ని పక్కన పెడితే ఇది తెలుగు సంధి సాధారణ లక్షణానికి అనుగుణమైనదే. రాయలసీమలోను, దానితో అనుబంధం ఉన్న గిద్దలూరు ప్రాంతంలోను వినిపించేది ‘వచ్చింటే’. ఇక్కడ క్త్వార్థక ఇకారం మిగిలి, సహాయక క్రియ తొలి ఉకారం పోయింది. సాగుతున్న పనిని చెప్పే రూపంలోను ఇదే జరిగింది. ‘చేస్తా ఉంటి’ అన్నది ‘చేస్తాంటి’ అయింది. అక్కడా పోయింది ఉకారమే. రెండు రూపాల్లోను ప్రధాన క్రియ ప్రత్యయం చెక్కుచెదరకుండా ఉండి, ‘ఉండు’ ధాతువు తన ఆద్యక్షరాన్ని కోల్పోయి ప్రత్యయంగా మారుతున్నది. ఒక స్వతంత్ర పదం ప్రత్యయ స్థితికి జారే క్రమంలో ఇలాంటి క్షీణత కనిపించడం భాషా చరిత్రలో పరిచితమైన విషయమే.

ఫలితంగా ఒక పూర్తి క్రియావళి ఏర్పడింది: వచ్చింటి, వచ్చింటిమి, వచ్చింటివి, వచ్చింటిరి, వచ్చిండె, వచ్చిండిరి. వ్యతిరేకార్థంలో ‘వచ్చిండలే’. ఊహార్థంలో ‘వచ్చింటాడు’. చేదర్థంలో ‘వచ్చింటే’. పొయ్యింటి, చూసింటి, చెప్పింటి, తెచ్చింటి అని ఏ ధాతువుకైనా ఇవి చేరతాయి. వీటిని విన్నవారెవరూ రెండు పదాలుగా వినరు.

పొరుగు భాషలను చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. కన్నడంలో ‘బందిద్దె’, తమిళంలో ‘వందిరుందేన్’ అన్నవి ఇదే పద్ధతిలో ఏర్పడిన పూర్వభూత రూపాలు. కన్నడంలో పూర్వపదపు చివరి ఉకారం లోపించి, ‘ఇరు’ ధాతువు తొలి అచ్చు మిగిలింది. ఆ భాషల బడి వ్యాకరణాలకు వాటిని గుర్తించడంలో ఇబ్బంది లేదు, అవి ఆ భాషల ప్రామాణిక రూపాలలోనే ఉన్నాయి కనుక. తెలుగులో మాత్రం పూర్వభూతం ఏకపదంగా స్థిరపడిన ప్రాంతం ఒకటి, ప్రామాణిక భాషకు పునాది అయిన ప్రాంతం మరొకటి.

జిల్లా గీతలు, భాష గీతలు

పశ్చిమ ప్రకాశం పాలనాచరిత్రను ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లో ఈ ప్రాంతం భాగం. మార్కాపురం, కంభం కడప జిల్లాలో ఉండేవి. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని అందులో కలిపారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలునుంచి విడిపోయి అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అంటే 170 ఏళ్ళు దత్తమండలాల పరిధిలో ఉన్న ప్రాంతం ఒక్క ఉత్తర్వుతో కోస్తా జిల్లా అయింది. క్రియారూపాలు ఉత్తర్వులకు లోబడవు. బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరేనాటికి మార్కాపురం, కంభం ఆ జిల్లాలోనివే. ఆయన తెలుగు చెవికి అలవాటైన తొలి మాటల్లో ఈ ప్రాంతపు అర్జీదారుల మాటలు కూడా ఉండి ఉండవచ్చునన్నది నా ఊహ మాత్రమే.

వ్యావహారిక భాషోద్యమం ఈ పరిస్థితిని మార్చవలసింది. గిడుగు రామమూర్తి 1913లో ఆధునిక తెలుగుపై ప్రకటించిన వినతి పత్రం, మరుసటి ఏడాది గురజాడ అప్పారావు ఇచ్చిన అసమ్మతి పత్రం జీవద్భాషను బడిలోకి తీసుకురావాలని వాదించాయి. ఆ వాదం చివరకు గెలిచింది. కానీ గెలిచిన శిష్టవ్యావహారికం ప్రధానంగా కృష్ణా, గోదావరి మండలాల విద్యావంతుల వ్యవహారం. ‘వచ్చితిని’ పోయి ‘వచ్చాను’ వచ్చింది. ‘వచ్చియుంటిని’ పోయింది గాని దాని స్థానంలోకి ‘వచ్చింటి’ రాలేదు. గ్రాంథికవాదులకు అది సంధి దోషం, శిష్టవ్యావహారికానికి అది ప్రాంతీయ రూపం. ఇలా రెండు పక్షాలవారి ప్రమాణాల నుంచీ తప్పిపోయిన రూపాలు తెలుగులో ఇంకెన్ని ఉన్నాయో ఎవరైనా లెక్కతీస్తే అది విలువైన పని అవుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వెలువడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. మాండలిక విభజనకు అది గట్టి పునాది వేసింది. అయితే వృత్తిపదాలు నామవాచకాలు. నాగలి భాగాల పేర్లు ఊరూరా మారే తీరును పట్టుకున్నంత శ్రద్ధగా క్రియారూపాల భేదాలను మన పరిశోధన పట్టుకోలేదు. ఆ రూపాలు అచ్చులోకి ఎక్కువగా వచ్చింది కథల ద్వారా. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటి రచయితలు సీమ పలుకుబడిని సంభాషణలకు పరిమితం చేయకుండా కథనంలోకి తెచ్చినప్పుడు ఈ క్రియలకు తొలిసారి సాహిత్య గౌరవం దక్కింది. పాఠ్యపుస్తకాల వ్యాకరణ భాగం మాత్రం వాటిని పట్టించుకోలేదు.

‘తలుపు తీసింటి’

ఇక అర్థం సంగతి. ‘వచ్చింటి’ ఆంగ్ల పూర్వభూతానికి అన్నివిధాలా సమానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలా చెబితే మరే పట్టికలో ఒక గడిని మరో మాటతో నింపినట్టే అవుతుంది.

హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో కాలార్థాన్ని మూడు బిందువులతో వివరించాడు: పని జరిగిన సమయం, మాట పలికే సమయం, వక్త నిలబడి చూసే నిర్దేశ సమయం. పూర్వభూతంలో పని ముందు, నిర్దేశ బిందువు తరువాత, పలుకు చివర. ఆంగ్లంలో ఆ నిర్దేశ బిందువు వాక్యంలోనో దగ్గరి సందర్భంలోనో స్పష్టంగా ఉండాలి. బడిలో చెప్పే ‘నేను స్టేషనుకు వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది’ అన్న ఉదాహరణలో మొదటి ఉపవాక్యం ఆ పని చేస్తుంది. విచిత్రమేమంటే ఈ వాక్యానికి గిద్దలూరు వాడుకలో కూడా పూర్వభూతం తప్పనిసరి కాదు. ‘నేను పొయ్యేతలికి రైలు పోయింది’ అంటే చాలు. ‘పొయ్యేతలికి’ అన్న మాటే క్రమాన్ని చెప్పేసింది. ఆంగ్లంలోనైనా ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ క్రమాన్ని చెబుతున్న చోట సామాన్య భూతం చెల్లుతుంది. రెండు భూతక్రియలు కనిపిస్తే మొదటిదానికి ‘హ్యాడ్’ తగిలించాలన్న మన బడిసూత్రం ఈ సంగతిని దాచిపెడుతుంది. అంటే తెలుగులో పూర్వభూతం లేదని నిరూపించడానికి ఎంచుకున్న వాక్యమే దాని అవసరం అంతగా లేని వాక్యం.

దాని అవసరం ఉన్న చోటు వేరు. ‘తలుపు తీసినా’ అంటే తలుపు ఇప్పుడు తెరిచి ఉండవచ్చు. ‘తలుపు తీసింటి’ అంటే నేను తీశాను, ఇప్పుడు అది మూసి ఉంది, మధ్యలో ఏదో జరిగింది. ‘నిన్న వచ్చింటి’ అంటే వచ్చాను, నువ్వు లేవు, తిరిగిపోయాను. ‘రూకలు ఇచ్చింటి గదా’ అంటే ఇచ్చిన సంగతి నీకు తెలుసు, అది మరిచినట్టు మాట్లాడుతున్నావు. నిర్దేశ బిందువు వాక్యంలో లేదు, వినేవాడి ఎరుకలో ఉంది. పని ఫలితం రద్దయిందనో, నిష్ఫలమైందనో, ప్రస్తుతం జరుగుతున్నదానికి భిన్నంగా ఉందనో ఈ రూపం సూచిస్తుంది. హిందీ, ఉర్దూలలో ‘ఆయా థా’ అన్న రూపానికి ఇదే ఛాయ ఉంది. భారతీయుల ఆంగ్లంలో సామాన్య భూతానికి బదులు ‘హ్యాడ్’ రూపం వాడడం పరిశీలకులు తరచుగా గుర్తించిన లక్షణం. దానిని అజ్ఞానంగా పరిగణించేకంటే, ‘ఆయా థా’, ‘బందిద్దె’, ‘వందిరుందేన్’, ‘వచ్చింటి’ అని పలికే జనుల భాషల్లో సజీవంగా ఉన్న ఒక అర్థభేదం ఆంగ్లంలో చోటు వెతుక్కుంటున్నదని గ్రహించడం న్యాయంగా ఉంటుంది. నా ఆంగ్ల వాక్యంలో ఉపాధ్యాయులు దిద్దిన ‘హ్యాడ్’ ప్రామాణిక ఆంగ్లంలో తప్పే. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగి ఉంటే ఆ దిద్దుబాటు పాఠమై ఉండేది.

అనుస్యూత పూర్వభూతం విషయంలో పరిస్థితి ఇంత అనుకూలంగా లేదు. దానికి సీమ వాడుకలో కూడా ప్రత్యేక రూపం లేదు. ‘చేస్తాంటి’ అన్నది మామూలు సాగుదలకూ, అంతకుముందునుంచి వస్తున్న సాగుదలకూ కూడా పనికొస్తుంది. ‘అప్పటికి రెండు గంటలనుంచి’ అన్న మాట చేరిస్తేనే రెండవ అర్థం స్థిరపడుతుంది. ఇంకో దారి కాలపరిమాణాన్నే విధేయంగా చేయడం: ‘నేను వచ్చి అప్పటికి రెండు గంటలాయె’. ఆంగ్లం క్రియలో ఇమిడ్చిన దానిని తెలుగు వాక్యనిర్మాణంలో పెట్టింది.

ఇందులో మరో చిక్కు ఉంది. కూర్చొను, నిలబడు, పండుకొను, కాచుకొను వంటి స్థితిబోధక ధాతువులకు క్త్వార్థకంపై ‘ఉండు’ చేరితే వచ్చే అర్థం ముగింపు కాదు, కొనసాగింపు. ‘బస్సు వచ్చేతలికి రెండు గంటలనుంచి కాచుకోని ఉంటి’ అన్న వాక్యంలో రూపం పూర్వభూతానిది, అర్థం అనుస్యూత పూర్వభూతానిది. కూర్చోవడమనే పని ముగిశాక మిగిలే స్థితే కూర్చుని ఉండడం గనుక ఇది తర్కానికి లోబడినదే. కానీ ‘చేసి ఉండె’ అంటే ‘హ్యాడ్ డన్’ అని నేర్చుకున్న విద్యార్థి ‘కూర్చోని ఉండె’ను ‘హ్యాడ్ శాట్’ అని అనువదిస్తాడు. అక్కడ కావలసింది ‘హ్యాడ్ బీన్ సిట్టింగ్’ లేదా ‘వాజ్ సిట్టింగ్’. ధాతువు స్వభావాన్ని బట్టి తెలుగు రూపాన్ని విడదీసి చూపే ద్విభాషా వ్యాకరణపుస్తకం నా కంటపడలేదు. రూపానికి రూపం జతచేసే పద్ధతి ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటుంది.

అందరికీ కష్టమనిపించే మరో ఆంగ్లనిర్మాణం మాత్రం ఈ ప్రాంతపు విద్యార్థికి నిజానికి దగ్గరిది. జరగని గతాన్ని ఊహించే వాక్యంలో ఆంగ్లం షరతు భాగంలో పూర్వభూతాన్నే వాడుతుంది. ‘నువ్వు ముందే చెప్పింటే బాగుండు’ అన్న వాక్యంలో ‘చెప్పింటే’ కూడా అదే పూర్వభూత రూపానికి చేదర్థం. చెప్పలేదన్న సంగతి ఆ రూపంలోనే ఉంది. ‘చెప్తే’ అంటే ఇంకా చెప్పే వీలుంది, ‘చెప్పింటే’ అంటే లేదు. ఈ భేదాన్ని ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు, బడికి రాకముందే పిల్లలకు వచ్చు. పదవ తరగతి ఆంగ్లపాఠంలో ‘ఇఫ్ యూ హ్యాడ్ టోల్డ్’ అన్న వాక్యం వచ్చినప్పుడు నల్లబల్ల మీద దాని పక్కన రాసే తెలుగు మాత్రం ఇప్పటికీ ‘నీవు చెప్పియున్నట్లయితే’.